రెండు చుట్లకు ఒక చుట్టు: మోటారు ఇంజనులో కామ్‌షాఫ్టు, టైమింగ్ గొలుసుల చరిత్ర

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే బి.ఎన్.రెడ్డి నగర్ మీదుగా తుర్కయంజాల్ చేరుతాము. మొన్నమొన్నటి వరకు చెరువు, పొలాలు గల పల్లె అది. ఇప్పుడు నగరం అంతవరకు పాకింది. నగరంతోపాటు మోటారు బండ్లు వచ్చాయి; బండ్ల వెంట వాటిని బాగుచేసే షెడ్లు వచ్చాయి. ఆ దారిన పోయే విద్యార్థి ఒక షెడ్డు దగ్గర కాసేపు ఆగి చూస్తే, ఎప్పుడో ఒకప్పుడు ముందు మూత విప్పిన ఇంజను కంటబడక మానదు. లోపల ఒక చిన్న పళ్లచక్రం, ఒక పెద్ద పళ్లచక్రం, రెంటినీ చుట్టి సైకిలు గొలుసును పోలిన ఒక గొలుసు ఉంటాయి. చైను లూజయింది, కామ్ కూడా అరిగింది, రెండూ మార్చాలి అంటాడు మెకానిక్కు. బండి నడుస్తూనే ఉన్నది కదా, ఇంత డబ్బు ఎందుకు పెట్టాలి అంటాడు యజమాని. వెనుకటి రోజుల్లో మెకానిక్కు మాట వినకపోతే చాలా బండ్లు పెట్రోలు ఎక్కువ తాగేవి, గట్టు ఎక్కడానికి ఆయాసపడేవి, అంతే. నేటి ఇంజన్లలో ఎన్నో ఒక్క క్షణంలో పనికిరాకుండా పోగలవు. గొలుసు చేసే పని మాత్రం మారలేదు. నష్టం ఇంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే ఈ గొలుసు ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో ఎక్కడికి పోయిందో, మళ్లీ ఎందుకు వచ్చిందో చూడాలి.

మోటారు ఇంజను నాలుగు అంచెలలో పనిచేస్తుందని పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. పిస్టను కిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని పీలుస్తుంది. పైకి వస్తూ దానిని అదుముతుంది. నిప్పురవ్వ తగిలి అది మండగానే ఆ ఒత్తిడికి కిందికి పోతుంది. తిరిగి పైకి వస్తూ కాలిన పొగను బయటికి తరుముతుంది. రెండుసార్లు కిందికి, రెండుసార్లు పైకి. అనగా క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఈ ఆవృత్తిలో గాలి వచ్చే కవాటం ఒక్కసారే, పొగ పోయే కవాటం ఒక్కసారే తెరుచుకోవాలి. వాటిని తెరిచేది కామ్‌షాఫ్టు. ఇది ఒక ఉక్కు కడ్డీ లేక పోత ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారపు బిళ్లలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క బిళ్ల ఒక కామ్. బిళ్ల ముక్కు వచ్చి ఒత్తినప్పుడు కవాటం తెరుచుకుంటుంది. ముక్కు దాటిపోగానే స్ప్రింగు దానిని మూస్తుంది. కనుక క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా కామ్‌షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సైకిలుతోనే చూపవచ్చు. సైకిలులో పెద్ద పళ్లచక్రం చిన్నదానిని తిప్పుతుంది. ఇంజనులో చిన్నది పెద్దదానిని తిప్పుతుంది. క్రాంకు మీది చక్రానికి 18 పళ్లుంటే కామ్‌షాఫ్టు మీది చక్రానికి 36 ఉంటాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు కామ్‌షాఫ్టు 1,500 చుట్లు తిరుగుతుంది, ప్రతి కవాటం సెకనుకు 25 సార్లు తెరిచి మూసుకుంటుంది. సైకిలు గొలుసు ఒక పన్ను జారితే తొక్కేవాని కాలు తడబడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇంజనులో గొలుసు ఒక పన్ను జారితే కామ్‌షాఫ్టు 10 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 20 డిగ్రీలు తప్పుతుంది. కవాటం తెరవవలసిన చోట తెరవదు, మూయవలసిన చోట మూయదు.

కామ్ అనే ఉపాయం ఇంజనుకన్న ఎంతో పాతది. నీటిచక్రం ఇరుసుకు మేకుల వంటి పళ్లు దిగగొట్టి, ఆ పన్ను రోకలి తోకను నొక్కి వదిలేటట్లు అమర్చి ధాన్యం దంచే పద్ధతి చైనాలో సుమారు రెండువేల ఏళ్ల నాడే ఉన్నది. 1206లో అల్ జజరీ అనే యంత్రశిల్పి రాసిన గ్రంథంలో ఇలాటి పళ్లు గల దొప్ప ఒకటి తిరుగుతూ, పడవలో కూర్చున్న బొమ్మలచేత డప్పులు వాయిస్తుంది. తిరిగే చలనాన్ని కొట్టే చలనంగా మార్చడం, అది కూడా కోరిన క్షణంలో, కోరిన వరుసలో జరిపించడం కామ్ గొప్పతనం. వినోదం కోసం పుట్టిన ఆ డప్పుల పడవకు, నేటి కారు కామ్‌షాఫ్టుకు సూత్రంలో తేడా ఏమీ లేదు.

1862లో బో ద రోషా అనే ఫ్రెంచి ఇంజనీరు నాలుగు అంచెల సూత్రాన్ని కాగితం మీద పెట్టాడు. 1876లో జర్మనీలో నికొలస్ ఆటో దానిని నడిచే ఇంజనుగా చేశాడు. ఆటో ఇంజను పక్కన సగం వేగంతో తిరిగే ఒక కడ్డీ ఉండేది. మన కథలోని రెండు చుట్లకు ఒక చుట్టు అక్కడే మొదలు. అయితే తొలినాటి మోటారు బండ్లలో గాలి కవాటానికి కామ్ పెట్టేవారు కాదు. పిస్టను దిగుతుంటే ఏర్పడే శూన్యానికి ఆ కవాటం తనంతట తానే తెరుచుకునేది. మెల్లగా తిరిగే ఇంజనుకు అది చాలు. వేగం పెరిగేకొద్దీ కవాటం ఆలస్యంగా తెరుచుకొని సిలిండరుకు ఊపిరి ఆడకుండా చేసేది. 1901లో విల్హెల్మ్ మైబాహ్ రూపొందించిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారులో గాలి కవాటాన్ని కూడా కామే తెరిచింది. ఆ తరువాత ఊపిరిని అదృష్టానికి వదిలిన ఇంజన్లు త్వరలోనే కనుమరుగయ్యాయి.

ఇక కామ్‌షాఫ్టును తిప్పడమెట్లా? మొదటి జవాబు పళ్లచక్రాలు. ఒక చక్రం పళ్లు ఇంకొక చక్రం పళ్లలో నేరుగా ఇమిడి తిరుగుతాయి. జారే భయం లేదు, సాగే భయం లేదు. 1908లో వచ్చిన ఫోర్డు టి నమూనా కారులో ఇదే పద్ధతి. హైదరాబాదుకు కూడా ముందుగా వచ్చినది ఇదే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ కారుకు ఆర్డరిచ్చాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఆయన చనిపోయాడు. కారు ఆయన కొడుకు కాలంలో వచ్చింది. నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు చూసే సింహాసనపు కారు అదే. దాని ఆరు సిలిండర్ల ఇంజనులో కామ్‌షాఫ్టును పళ్లచక్రాలు తిప్పుతాయి. చప్పుడు రాకుండా ఆ పళ్లను చెక్కడానికి ఎంత నైపుణ్యం కావాలో అంత నైపుణ్యం దాని మీద ఖర్చయింది. అందుచేతనే అది రాజుల బండి.

సామాన్యుల బండికి అంత ఖర్చు కుదరదు. సాధారణంగా చేసిన ఉక్కు పళ్లచక్రాలు ఊళపెడతాయి. కొన్ని అమెరికను కార్లలో కామ్‌షాఫ్టు చక్రాన్ని గుడ్డపొరలు, జిగురు కలిపి గట్టిగా నొక్కిన పదార్థంతో చేశారు. చప్పుడు తగ్గింది గాని ఆ పళ్లు కొంత కాలానికి ఊడిపోయేవి. ఇంజనుకూ ఇంజనుకూ క్రాంకుకు, కామ్‌షాఫ్టుకు మధ్య దూరం మారుతుంది. దూరం ఎక్కువైతే చక్రాలు మరీ పెద్దవి కావాలి, లేదా మధ్యలో ఇంకొక చక్రం పెట్టాలి. ఈ చిక్కులన్నింటికీ గొలుసు ఒక జవాబుగా వచ్చింది.

గొలుసుతో శక్తిని ఒక ఇరుసు నుంచి మరొక ఇరుసుకు పంపడం చైనాలో సూ సుంగ్ 11వ శతాబ్ది చివర కట్టిన నీటి గడియారపు గోపురంలో ఉన్నది. ఈ ఒక్క సంగతిలో గడియారపు పనివారు మోటారు పనివారికన్న ఎనిమిది వందల ఏళ్లు ముందున్నారు. యూరపులో 1829లో ఆంద్రే గాల్ అనే ఫ్రెంచి పనివాడు పలకలను మేకులతో కలిపిన గొలుసుకు పేటెంటు పొందాడు. అందులో ఒక లోపం ఉన్నది. పలుచని పలకల అంచులు మాత్రమే మేకు మీద ఆనుతాయి. బరువంతా ఆ కొద్దిచోట పడి త్వరగా అరుగుతాయి. 1864లో ఇంగ్లండులో జేమ్స్ స్లేటర్ దానికి మెరుగులు దిద్దాడు. స్విట్జర్లండు నుంచి మాంచెస్టరు వచ్చి స్థిరపడిన హాన్స్ రెనోల్డ్ 1879లో స్లేటర్ వ్యాపారం కొని, మరుసటి సంవత్సరమే కొత్త గొలుసు చేశాడు. మేకు చుట్టూ ఒక పొట్టి గొట్టం, అనగా బుష్షు. బుష్షు చుట్టూ తిరిగే ఒక రోలరు. ఇప్పుడు మేకు బుష్షు పొడుగంతటా ఆనుతుంది, పళ్ల మీద రోలరు రాసుకోకుండా దొర్లుతుంది. ఇంత చిన్న మార్పుతో గొలుసు ఆయుర్దాయం పెరిగింది. 1885లో వచ్చిన నేటి తరహా సైకిలు వెనుక చక్రాన్ని తిప్పినది ఇలాటి గొలుసే. మన సైకిలు గొలుసులో ఒక లంకెను విప్పి చూస్తే రెనోల్డ్ ఉపాయం అరచేతిలో కనిపిస్తుంది. 1895లో ఆయనే చప్పుడు తక్కువగా ఉండే పళ్లపలకల గొలుసు కూడా చేశాడు. ఈ రెండు రకాలూ 20వ శతాబ్ది మొదటి దశాబ్దాలలో ఇంజను ముందు మూత కిందికి చేరాయి.

పళ్లచక్రం, గొలుసు రెంటిలో ఏది మేలు అనే ప్రశ్న చాలాకాలం తేలలేదు. రెండవ ప్రపంచయుద్ధంలోని విల్లీస్ జీపుల కామ్‌షాఫ్టును గొలుసు తిప్పేది. యుద్ధం ముగిశాక అదే ఇంజనులో గొలుసు తీసి పళ్లచక్రాలు పెట్టారు. ఆ కారణాన పాత జీపు బాగుచేసేవాడు మూత విప్పేదాకా లోపల ఏమున్నదో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

హైదరాబాదు సంస్థానంలో మోటారు బండి జనసామాన్యానికి అందినది 1932లో. ఆ ఏడు జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. బస్సులు స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్లు. 1942లో ఏర్పడిన ఆల్విన్ సంస్థ బస్సుల పైకట్టును ఇక్కడే చేయసాగింది. ఇంజను మాత్రం సముద్రం దాటి రావలసినదే. గొలుసులు కూడా అంతే. 1960లో మద్రాసు అంబత్తూరులో టి.ఐ. డైమండ్ చైన్ సంస్థ ఏర్పడింది. కోయంబత్తూరులోను గొలుసుల పరిశ్రమ పెరిగింది. అంతకుముందు అరిగిన గొలుసుకు బదులు దొరకక బండి నెలల తరబడి దిమ్మల మీద నిలవడం వింత కాదు.

మన మెకానిక్కులు కామ్‌షాఫ్టును, గొలుసును నిజంగా నేర్చుకొన్నది రెండు కార్ల మీద. ఒకటి 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద వచ్చిన హిందూస్తాన్ అంబాసడర్. రెండవది 1964 నుంచి బొంబాయిలో ఫియట్ 1100గా తయారై, 1970 దశకంలో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్న కారు. అంబాసడర్ మొదట్లో కవాటాలు పిస్టనుకు పక్కన ఉండేవి. అలాటి ఇంజనులో గొలుసు తెగినా కవాటం పిస్టనుకు తగలదు. తగలడానికి అది పిస్టను దారిలో లేదు. 1959లో దాని స్థానంలో 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చింది. కవాటాలు పిస్టను నెత్తి మీదికి ఎక్కాయి. కామ్‌షాఫ్టు మాత్రం కింద, సిలిండర్ల పక్కనే ఉండిపోయి, పుష్‌రాడ్‌లనే పొడుగాటి పుల్లలతో పై కవాటాలను తెరిచేది. కామ్‌షాఫ్టు క్రాంకుకు దగ్గరలో ఉన్నది కనుక గొలుసు పొట్టిది.

దీనిని మార్చే పని ఇట్లా ఉండేది. నీళ్లు వదిలి రేడియేటరు తీస్తారు. క్రాంకు కొసన ఉన్న నట్టు విప్పి కప్పీని లాగుతారు. ముందు మూత తీస్తే గొలుసు కనిపిస్తుంది. రెండు పళ్లచక్రాల మీద చిన్న చుక్కలు గుచ్చి ఉంటాయి. క్రాంకును తిప్పి ఆ రెండు చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా, రెండు ఇరుసుల నడిబిందువులను కలిపే గీత మీదికి వచ్చేట్లు నిలుపుతారు. తరువాత రెండు చక్రాలను, గొలుసును కలిపి ఒకేసారి ముందుకు లాగుతారు. కొత్త గొలుసును కొత్త చక్రాలకు బల్ల మీదనే చుట్టి, చుక్కలు కలిపి, అలాగే తిరిగి ఎక్కిస్తారు. చక్రానికీ కడ్డీకీ మధ్య చిన్న ఉక్కు చీలిక ఉంటుంది గనుక చక్రం ఒకే ఒక రీతిలో కూర్చుంటుంది. అక్షరం రానివాడు కూడా ఉస్తాదు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోదగిన పని ఇది. చుక్క ఎదుట చుక్క, ఇదే పాఠం.

కామ్‌షాఫ్టునే తీయవలసి వస్తే పని పెరుగుతుంది. నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటరును, నూనె పంపును కూడా తిప్పేది కామ్‌షాఫ్టే కనుక వాటి పళ్లబంధం ముందు విడదీయాలి. పుష్‌రాడ్‌లను, వాటి కింద కామ్ మీద ఆనే టాపెట్లను తీసి, ఏది ఏ కామ్ మీదిదో గుర్తు తప్పకుండా వరుసగా పెట్టాలి. అటుపైన కామ్‌షాఫ్టును ముందుకు మెల్లగా లాగుతారు. దాని ముక్కులు లోపలి మెత్తని బేరింగులను గీరితే కొత్త చిక్కు తెచ్చుకున్నట్లే. ఇక్కడ చాలామంది చేసే పొదుపు ఒకటి ఉన్నది: కొత్త కామ్‌షాఫ్టు వేసి పాత టాపెట్లు ఉంచడం. టాపెట్ అడుగు చదునుగా కనిపించినా కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది, కామ్ ముఖం కొద్దిగా వాలుగా ఉంటుంది. ఈ రెంటివల్ల టాపెట్ పనిచేస్తూ తన చుట్టూ తాను తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. పాత టాపెట్ అడుగు గుంటపడి ఉంటే అది తిరగదు. కొన్ని వందల కిలోమీటర్లలోనే కొత్త కామ్ ముక్కును కొరికేస్తుంది. చిల్లర పొదుపుకు వేల రూపాయల కామ్‌షాఫ్టు బలి.

ఇక గొలుసు సంగతి. చైను సాగింది అని అందరూ అంటారు. ఉక్కు పలకలు రబ్బరులా సాగవు. ప్రతి కీలు దగ్గర మేకు, బుష్షు కొద్దికొద్దిగా అరిగి, ఒక మేకుకూ తరువాతి మేకుకూ దూరం పెరుగుతుంది. విద్యార్థులు ఈ లెక్క స్వయంగా చేయవచ్చు. మచ్చుకు ఒక గొలుసులో కీలుకూ కీలుకూ మధ్య దూరం 3/8 అంగుళం, అనగా 9.525 మి.మీ. అనుకుందాం. ఒక్కొక్క కీలు 0.05 మి.మీ. అరిగింది. క్రాంకు లాగే వైపున 40 కీళ్లుంటే ఆ వైపు గొలుసు 2 మి.మీ. పొడుగయింది. 36 పళ్ల చక్రం చుట్టుకొలత సుమారు 343 మి.మీ. గనుక 2 మి.మీ. అంటే కామ్‌షాఫ్టు 2 డిగ్రీలకు కొంచెం పైన వెనుకబడింది, క్రాంకు లెక్కలో 4 డిగ్రీలకు పైన. వెంట్రుక మందం కూడా లేని అరుగుదల ఇంత తేడా తెచ్చింది. గొలుసు వదులును బిగించడానికి టెన్షనరు అనే ఒత్తుడు పలక ఉంటుంది గాని, అది పనిచేసేది లాగని వైపు మీద. గలగల చప్పుడును అది కొంతకాలం ఆపుతుంది; వెనుకబడిన కామ్‌షాఫ్టును ముందుకు తేలేదు. చప్పుడు లేదు కనుక గొలుసు బాగున్నదనుకోవడం ఈ కారణాన పొరపాటు. అరిగిన గొలుసు చక్రాల పళ్లను కూడా తన కొలతకే అరగదీస్తుంది. అందువల్లనే మంచి మెకానిక్కు గొలుసు ఒక్కటే కొనుక్కురమ్మని చెప్పడు, సెట్టు తెమ్మంటాడు.

కామ్‌షాఫ్టు తయారీ గురించి ఒక మాట. కామ్ ముక్కు మిక్కిలి కఠినంగా ఉండాలి, కడ్డీ మధ్యభాగం పెళుసు కాకూడదు. రెండు గుణాలు ఒకే ముక్కలో తేవడానికి ఒక చక్కని పద్ధతి ఉన్నది. ఇసుక అచ్చులో కామ్‌ల చోట మాత్రం ఇనుప దిమ్మలు పెట్టి కరిగిన ఇనుము పోస్తారు. దిమ్మలు తగిలిన చోట ఇనుము తటాలున చల్లారుతుంది. కార్బను గ్రాఫైటుగా విడివడే వ్యవధి లేక ఇనుముతో కలిసి కార్బైడుగా నిలిచిపోతుంది. అది ఆకురాయికి తప్ప లొంగదు. ఇసుక తగిలిన చోట ఇనుము నిదానంగా చల్లారి మామూలుగా ఉంటుంది. ఈ రకం కామ్‌షాఫ్టులను మహారాష్ట్రలోని షోలాపురంలో 1992లో నెలకొన్న ప్రెసిషన్ కామ్‌షాఫ్ట్స్ సంస్థ చేస్తున్నది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి కంపెనీలకు పంపింది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికై వలసపోయిన పద్మశాలీలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం అది. దుప్పట్లకు పేరుపొందిన తెలుగువారి షోలాపురం కామ్‌షాఫ్టులకూ పేరుపొందిందని మనలో చాలామందికి తెలియదు.

1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కడంతో కథ మలుపు తిరిగింది. దాని 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనులో కామ్‌షాఫ్టు కింద లేదు, కవాటాల నెత్తిన కూర్చున్నది. పుష్‌రాడ్‌లు పోయాయి, కదిలే బరువు తగ్గి ఇంజను వేగంగా తిరగగలిగింది. కాని కామ్‌షాఫ్టు క్రాంకుకు దూరమైంది. ఆ దూరాన్ని దాటినది గొలుసు కాదు, పళ్లు గల రబ్బరు పట్టీ. ఈ పట్టీ 1940 దశకంలో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం పుట్టింది. 1962లో జర్మనీలోని గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 నమూనా కారులో కామ్‌షాఫ్టును దానితో తిప్పింది. పట్టీ చౌక, తేలిక, చప్పుడు చేయదు, నూనె అక్కరలేదు. 1998లో వచ్చిన హ్యుందాయ్ సాంట్రోకూ పట్టీయే. గొలుసు కాలం చెల్లినట్లే కనిపించింది.

పట్టీకి ఒక చెడ్డ గుణం ఉన్నది. గొలుసు అరిగితే చివరకైనా గలగలమని చెబుతుంది. పట్టీ చెప్పదు, నిన్నటి వరకు నిశ్శబ్దంగా తిరిగి ఈ రోజు తెగిపోతుంది. చెవితో రోగం పట్టే అలవాటు గల మెకానిక్కుకు ఇది కొత్త. కిలోమీటర్ల లెక్క చూసి, బాగున్నట్లు కనిపిస్తున్న పట్టీని తీసి పారవేయాలంటే యజమానులకు మనసొప్పేది కాదు. రెండవచేతి బండ్లలో ఆ లెక్క కూడా నమ్మదగినది కాదు.

2008లో మారుతి ఎ-స్టార్‌తో వచ్చిన కె శ్రేణి పెట్రోలు ఇంజనులో తిరిగి గొలుసు కనిపించింది. అంతకు ముందే, 2007లో, ఫియట్ రూపొందించిన 1,248 ఘన సెంటీమీటర్ల డీసెలు ఇంజను స్విఫ్ట్ కారులో ఇక్కడికి వచ్చింది, దానిలోనూ గొలుసే. సన్నని, గట్టి గొలుసులు చేయడం సాధ్యమైంది. ఇంజను పొడవు తగ్గించవచ్చు. పట్టీలా గడువుకు మార్చనక్కరలేదు. ఇంజనున్నంత కాలం గొలుసుంటుందని చెప్పారు.

ఆ మాటలో ఒక షరతు దాగి ఉన్నది. గొలుసు ఇంజను నూనెలో తడుస్తూ పనిచేస్తుంది. టెన్షనరును కూడా చాలా ఇంజన్లలో నూనె ఒత్తిడే తోస్తుంది. డీసెలు ఇంజను నూనెలో మసి చేరుతుంది. నూనె మార్చడం వాయిదా వేస్తే ఆ మసి గొలుసు కీళ్లలో ఆకురాయి పొడిలా పనిచేస్తుంది. అటువంటి బండిలో గొలుసు ఆయుష్షు ఇంజను ఆయుష్షుకన్న చాలా తక్కువ.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు లెక్కతోనే జవాబు చూద్దాం. పాత అంబాసడర్ ఇంజనులో పిస్టను సుమారు 89 మి.మీ. కదిలి గాలిని సుమారు 7వ వంతుకు అదుముతుంది. అనగా పిస్టను పైకి చేరినప్పుడు మిగిలే చోటు, సిలిండరు వెడల్పున పరిస్తే, 89ని 6తో భాగించినంత, సుమారు 15 మి.మీ. ఎత్తు. పైన చెప్పిన డీసెలు ఇంజనులో పిస్టను 82 మి.మీ. కదిలి గాలిని సుమారు 17వ వంతుకు అదుముతుంది. మిగిలేది 82ని 16తో భాగించినంత, 5 మి.మీ. అందులోను ఎక్కువ భాగం పిస్టను నెత్తిన తొలిచిన గిన్నెలోనే ఉన్నది. కవాటం పూర్తిగా తెరుచుకుంటే ఎనిమిది తొమ్మిది మి.మీ. కిందికి దిగుతుంది. దిగిన కవాటం, పైకి వచ్చే పిస్టను ఒకే చోట ఒకే క్షణాన ఉండకుండా చూసేది ఆ గొలుసు ఒక్కటే. గొలుసు తెగినా, కొన్ని పళ్లు జారినా కవాటాలు వంగుతాయి, పిస్టను దెబ్బతింటుంది, కామ్‌షాఫ్టు విరగనూ వచ్చు. తక్కువ నూనెతో ఎక్కువ దూరం పోవాలని అదుముడు పెంచినకొద్దీ ఆ ఖాళీ తగ్గుతూ వచ్చింది; గొలుసు మీద పడిన బాధ్యత ఆ మేరకు పెరిగింది.

మెకానిక్కు నేర్చుకున్న పాఠం కూడా ఇక్కడే తారుమారైంది. అనేక కొత్త ఇంజన్లలో చక్రానికి చీలిక లేదు, నమ్మదగిన చుక్కా లేదు. చక్రం కడ్డీ మీద ఎటైనా తిరగగలదు. బోల్టు బిగింపు వల్ల కలిగే రాపిడే దానిని నిలుపుతుంది. గొలుసు మార్చాలంటే క్రాంకును ఒక మేకుతో, కామ్‌షాఫ్టును మరొక మేకుతో నిర్ణీత స్థానంలో కదలకుండా బంధించి, అప్పుడు బోల్టును చెప్పిన బిగువుకు, చెప్పిన డిగ్రీలకు బిగించాలి. ఆ మేకులు ఆ ఇంజనుకే సరిపోతాయి. అవి లేనివాడు విప్పేముందు సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టుకుంటాడు. అరిగిన గొలుసు మీద పెట్టిన గుర్తు అరిగిన గొలుసు తప్పునే చూపుతుంది. కొత్త గొలుసు వేసి పాత తప్పును బిగించినట్లవుతుంది. పైన కామ్‌షాఫ్టును పట్టి ఉంచే మూతల బోల్టులను ఒకవైపు నుంచి విప్పుకుంటూ పోతే, స్ప్రింగుల ఒత్తిడి ఒక మూలకు చేరి పోత ఇనుప కడ్డీ చేతిలోనే రెండు ముక్కలు కావచ్చు. అన్నింటినీ కొద్దికొద్దిగా, వరుస తప్పకుండా వదులు చేయాలి. ఈ వరుస కంపెనీ పుస్తకంలో ఉంటుంది. రోడ్డు పక్క షెడ్డుకు ఆ పుస్తకం చేరడం అరుదు. చేరినా అది ఇంగ్లీషులో ఉంటుంది. ఉస్తాదు చెప్పిన చుక్క ఎదుట చుక్క ఇక్కడ అక్కరకు రాదు, దాని స్థానంలో తెలుగులో రాసిన కాగితం ఏదీ అతని గోడ మీద లేదు.

పాత పాఠంలో ఒక్క పని మాత్రం అన్ని ఇంజన్లకూ మిగిలింది. గొలుసు ఎక్కించి, బంధించిన మేకులు తీశాక, మూత వేయకముందు క్రాంకు కొసన స్పానరు పెట్టి ఇంజను తిరిగే దిక్కునే చేత్తో రెండు చుట్లు నిదానంగా తిప్పుతారు. రెండు చుట్లతో కామ్‌షాఫ్టు ఒక చుట్టు పూర్తవుతుంది, ప్రతి కవాటం ఒకసారి తెరిచి మూసుకుంటుంది. మేకులు తిరిగి అవే రంధ్రాలలోకి దూరాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం చేయకుండా అక్కడే ఆపి, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాలి.